ప్రవక్తల దర్శనాలను చదవడం – 4వ పాఠం: ఎండిన యెముకల లోయ

గత పాఠంలో కెబారు నది ఒడ్డున యెహెజ్కేలు చూసిన జీవులను, చక్రాలను చదివినప్పుడు, వాటి భావమేమిటో గ్రంథమే చెప్పకపోవడం వల్ల తడబడ్డాము. యెహెజ్కేలు గ్రంథం 37వ అధ్యాయంలో ఆ చిక్కు లేదు, ఎందుకంటే భావం 11వ వచనంలోనే ఉంది. కాబట్టి ఈసారి ముందుగా ఆ వచనం చదివి, తరువాతే మొదటి వచనానికి రండి.

“మన యెముకలు ఎండిపోయెను, మన ఆశ విఫలమాయెను” అన్నది ప్రవక్త అల్లిన ఉపమానం కాదు, బబులోను చెరలోని ప్రజలు తమలో తాము చెప్పుకొంటున్న మాట. క్రీ.పూ. 597లో యెహోయాకీను రాజుతోపాటు చెరకు వెళ్లినవారిలో యాజకుడైన యెహెజ్కేలు ఒకడు. సుమారు పదేళ్లకు యెరూషలేము, దాని ఆలయం కూడా నేలమట్టమయ్యాయి. ఆ నిరాశను దర్శనం మందలించదు, దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకొని లోయ నిండా పరుస్తుంది. “ఇవి బ్రదుకగలవా?” అని దేవుడు అడిగితే ప్రవక్త అవుననడు, కాదనడు, నీకే తెలుసునంటాడు. నా దృష్టిలో అధ్యాయమంతటిలో అత్యంత నిజాయితీ గల మాట అదే.

ఇప్పుడు తిరిగి తిరిగి వచ్చే పదాన్ని పట్టుకోవాలి. హెబ్రీలో ‘రూఆహ్’ అంటే గాలి, ఊపిరి, ఆత్మ మూడూను; 1 నుండి 14 వరకు ఉన్న వచనాల్లో అది పదిసార్లు వస్తుంది. మన తెలుగు బైబిలులో 9వ వచనం జీవాత్మను “నలుదిక్కులనుండి” రమ్మని పిలుస్తుంది. మూలంలో అక్కడ ఉన్నవి నాలుగు గాలులు, అంటే అదే పదానికి బహువచనం. అనువాదంలో ఈ ముడి విడిపోయింది గనుక, ఆత్మ, ఊపిరి, దిక్కులు అన్న చోట్లన్నిటి కింద పెన్సిలుతో ఒకే రకమైన గీత గీయండి.

గీతలు గీస్తుంటే మరొకటి కనబడుతుంది. నరములు, మాంసము, చర్మము వచ్చిన తరువాత కూడా 8వ వచనంలో అవి ఊపిరి లేని శవాలే. ఆదికాండము 2:7లో సైతం ముందు మంటితో రూపం, తరువాతే జీవవాయువు. అంటే ఇక్కడ జరుగుతున్నది చెరనుండి విడుదల మాత్రమే కాదు, ఒక జనాంగాన్ని మళ్లీ సృష్టించడం.

అభ్యాసం: 12వ వచనంలో లోయ మాయమై సమాధులు వస్తాయి. పూడ్చిపెట్టని యెముకలకు సమాధులెక్కడివి? 11, 14 వచనాలను పక్కపక్కన పెట్టి మీ జవాబును నాలుగు వాక్యాలలో రాసి ఉంచుకోండి; 16వ వచనంలోని రెండు కఱ్ఱల దగ్గర దానితో పని పడుతుంది.