గార్త్ కొండ ఎక్కే ముందు: చలికాలం జాగ్రత్తలు

సెప్టెంబరులో వేల్స్ రాజధాని కార్డిఫ్‌కి చదువుకోడానికి వచ్చిన మన పిల్లలు చలి ముదిరేలోపు ఏదో ఒక ఆదివారం ఊరి దగ్గరున్న గార్త్ కొండ ఎక్కుతారు. ఎత్తు 307 మీటర్లే, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. "అలిపిరి నుంచి నడిచెళ్ళిన వాళ్ళం, ఇదో కొండా?" అని గ్రూపులో ఒకరైనా అంటారు. నేనూ అన్నాను. కాళ్ళకి ఇది నిజంగానే పెద్ద పని కాదు. కానీ అలిపిరి దారిలో మెట్లుంటాయి, లైట్లుంటాయి, కొట్లుంటాయి, పక్కన గోవిందా అనే జనం ఉంటారు. గార్త్ మీద గొర్రెలుంటాయి.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది టైము. అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి సాయంత్రం ఐదులోపే పొద్దు గుంకుతుంది. డిసెంబరు మధ్యకల్లా నాలుగింటికే. మన ఆదివారాలు ఎలా ఉంటాయో తెలిసిందేగా: లేచేసరికి పదకొండు, పులిహోర కలిపి డబ్బాల్లో సర్దేసరికి ఒంటిగంట, అందరూ రైలెక్కేసరికి రెండు. టాఫ్స్ వెల్ స్టేషన్‌లో దిగి, టాఫ్ నది దాటి, గ్వైలోద్-అ-గార్త్ అనే ఊరి మీదుగా ఎక్కాలి. ఆ పేరుకి ఇక్కడి వెల్ష్ భాషలో కొండ అడుగు అనే అర్థం. అక్కడక్కడా ఆగుతూ పైకి చేరేసరికి మూడున్నర. ఫొటోలు తీసుకునేసరికి వెలుగు పోతుంది. కాబట్టి చలికాలంలో ఒంటిగంటకల్లా కొండ పైన ఉండాలి, రెండింటికి దిగడం మొదలుపెట్టాలి. సూర్యాస్తమయం చూడాలని ముచ్చటగా ఉంటే జూన్‌లో వెళ్ళండి, తొమ్మిదిన్నర దాకా పొద్దు ఉంటుంది.

స్టేషన్‌లో దిగేసరికే రెండు దాటిందా, కొండ మాట మర్చిపోండి. నది దాటకుండా స్టేషన్ వైపు గట్టునే నడిస్తే కాస్టెల్ కోచ్ వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో మూడో బ్యూట్ మార్క్విస్ అనే ప్రభువు కోసం విలియం బర్జెస్ అనే ఆర్కిటెక్ట్ పాత శిథిలాల మీద కట్టిన కోట. లోపలికి వెళ్ళడం కుదరకపోయినా బయటి నుంచి చూస్తే చాలు.

రెండోది గాలి. శిఖరం మీద కంచు యుగం నాటి సమాధి దిబ్బలున్నాయి, అన్నిటికంటే ఎత్తైన దాని మీద సర్వే వాళ్ళ తెల్ల స్తంభం. కింద చెమటలు పట్టి జాకెట్ నడుముకి కట్టుకున్నవాళ్ళే ఆ దిబ్బ మీద ఆఖరి నాలుగడుగులు వేయగానే ఆ జాకెట్ విప్పడానికి తంటాలు పడతారు. బ్రిస్టల్ చానెల్ అనే సముద్రపాయ నుంచి వచ్చే గాలికి అక్కడ అడ్డేమీ లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, వేళ్ళు మొద్దుబారి ఫోన్ స్క్రీన్ మీద పనిచేయవు. ముప్పై శాతం చూపించిన బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. అందుకని ఫోన్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. పవర్ బ్యాంక్, విడిగా ఒక టార్చి, చేతి గ్లోవ్స్, వాన కోటు తప్పనిసరి. జీన్స్ వద్దే వద్దు, తడిస్తే ఇంటికొచ్చేదాకా ఆరదు. అరిగిన స్పోర్ట్స్ షూస్ కూడా వద్దు, దిగేటప్పుడు తడిగడ్డి మీద జర్రున జారతాయి. అన్నట్టు, ఆ దిబ్బలకి చట్టరక్షణ ఉంది. గుర్తుగా రాయి తెచ్చుకోవడం, రాళ్ళు పేర్చడం లాంటివి చేయకండి.

పైన నాలుగువైపులా కాలిబాటలే. నా మొదటిసారి మంచు కమ్మేసరికి "కిందికి వెళ్ళేదంతా కిందికే కదా" అనుకుని నడిచాను. టాఫ్స్ వెల్ వైపు బదులు కొండకి అవతల పడమటి పక్క సన్నటి తారురోడ్డు మీద తేలాను. లైట్లు లేవు, ఫుట్‌పాత్ లేదు, మలుపు తిరిగే కార్లకి నల్ల జాకెట్‌లో కనపడను. పెంటర్క్ ఊరి దీపాలు కనిపించేదాకా రోడ్డంచు కంచెని పట్టుకుని నడిచాను. బయల్దేరే ముందే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. పైకి చేరగానే ఎటునుంచి వచ్చామో వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

పక్కనే చిన్న గార్త్ అని ఇంకో గుట్ట ఉంది. అందులో రాతి క్వారీ, పాత ఇనుప గనులు ఉన్నాయి. లోపల నీలి నీళ్ళున్న ఫొటోలు చూసి వెళ్దామని ఎవరైనా అంటే వెళ్ళకండి. అందులో చర్చ ఏమీ లేదు.

వేసవిలో వెళ్ళేవాళ్ళు ఫెర్న్ పొదల్లో పిడుదులు ఉంటాయని గుర్తుంచుకోండి. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, చంకల్లో చూసుకోండి. కరిచి పట్టుకుని ఉంటే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగాలి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రగా వలయంలా పాకితే డాక్టర్‌కి చూపించండి, లైమ్ జబ్బు కావచ్చు.

కాలు మడత పడి కదల్లేకపోతే ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేవాళ్ళు వాలంటీర్లు, పైసా తీసుకోరు. బిల్లు ఎంతవుతుందో అన్న భయంతో ఫోన్ చేయకుండా కూర్చోవద్దు. ఈల ఉంటే నిమిషానికి ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్ళీ ఊదండి. సిగ్నల్ మాట్లాడటానికి సరిపోనప్పుడు 999కి మెసేజ్ కూడా వెళ్తుంది, కానీ నంబరు ముందే నమోదై ఉండాలి. అదే 999కి ఇంగ్లీషులో 'రిజిస్టర్' అని పంపి, వచ్చే సూచనల ప్రకారం జవాబిస్తే సరి. ఆ పని కొండ మీద కాదు, రైల్లో కూర్చున్నప్పుడే చేసేయండి.