జాతరకు స్లో కుక్కర్‌లో మాంసం వండేవాళ్ళు ముందే చూసుకోవాల్సినవి

మే నెలలో గంగమ్మ జాతర అంటే తిరుపతిలో ఇంటింటికీ చుట్టాలు దిగుతారు. పొద్దున అమ్మవారికి అంబలి పోసి వచ్చేసరికి సంగటిలోకి నాటుకోడి పులుసు రెడీగా ఉండాలి. అందుకే రాత్రే స్లో కుక్కర్‌లో (కరెంటుతో గంటలకొద్దీ మెల్లగా ఉడికించే పాత్ర) వేసి పడుకుంటాం. నేనూ అలాగే చేస్తాను. కాకపోతే ఇదే నెలలో సాయంత్రాలు గాలివాన వస్తుంది, కరెంటు పోతుంది. నాకు టెన్షనంతా దాని గురించే.

రాత్రి కరెంటు ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ కూర పారబోయండి. రెండు కేజీల మటన్ పారబోయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. కానీ గోరువెచ్చగా గంటలకొద్దీ ఉన్న మాంసంలో కొన్ని సూక్ష్మజీవులు విషం వదులుతాయి. పొద్దున ఎంత మరిగించినా ఆ విషం పోదు. వాసన బాగానే ఉంది కదా అని పిల్లలకు పెట్టొద్దు. డిజిటల్ కుక్కరైతే కరెంటు పోయి వచ్చాక చాలావాటిలో మళ్ళీ ఆన్ కాదు. తిప్పే బటన్ ఉన్నది మాత్రం ఏమీ జరగనట్టు ఉడుకుతూనే ఉంటుంది, మనకు తెలియదు. మెలకువగా ఉన్నప్పుడు కరెంటు పోతే ఆలోచించకుండా స్టవ్ మీదికి మార్చేయండి. కుక్కర్ లోపలి పింగాణీ గిన్నెను మాత్రం నేరుగా మంట మీద పెట్టకండి, పగులుతుంది.

ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మాంసం అలాగే వేయకూడదు. ముందురోజే కింది అరలో పెట్టి పూర్తిగా కరగనివ్వాలి. మాంసం వేడి 60 డిగ్రీలు దాటడానికి ఎంత ఆలస్యమైతే అంత ప్రమాదం. అందుకే నేను మొదటి గంట ‘హై’ (త్వరగా వేడెక్కేది) మీద పెట్టి, తర్వాత ‘లో’ (మెల్లగా వేడెక్కేది) మీదికి తిప్పుతాను. ‘వార్మ్’ అనేది ఉడికిన కూర వేడిగా ఉంచడానికే, వండడానికి కాదు.

టైము విషయంలో చాలామంది పొరబడతారు. చాలా కుక్కర్లలో ‘లో’, ‘హై’ రెండూ చివరికి ఇంచుమించు ఒకే వేడికి చేరతాయి, ఎంతసేపట్లో చేరతాయన్నదే తేడా. ‘హై’ మీద 4 గంటల పని ‘లో’ మీద సుమారు 8 గంటలు. ముందరికాలు, నల్లి ముక్కలు ‘లో’ మీద 7, 8 గంటలు పడతాయి. ముదురు నాటుకోడి కూడా ఇంచుమించు అంతే. ముక్క గట్టిగా ఉంటే ఎక్కువ ఉడికిపోయిందనుకోకండి, ఇంకా ఉడకలేదు. కండ మధ్య ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీన్ 70 డిగ్రీలు దాటాకే మెల్లగా కరిగి జిగురవుతుంది, అప్పుడే ముక్క ఎముకను వదులుతుంది. ఇంకో గంట ఉంచండి. బ్రాయిలర్ బోన్‌లెస్ సంగతి వేరు. 8 గంటలు పెడితే పీచు పీచుగా అవుతుంది, ‘లో’ మీద 3, 4 గంటలు చాలు.

ఊరికే మూత తీసి చూడొద్దు. ఒక్కసారి తీస్తే పోయిన వేడి తిరిగి రావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. గిన్నె సగానికి తగ్గకుండా, మూడొంతుల్లో రెండొంతులు మించకుండా నింపండి. నీళ్ళు ఇగరవు కాబట్టి పొయ్యి మీద పోసే దాంట్లో సగం పోస్తే చాలు. ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి ముందే బాణలిలో వేయించకపోతే పచ్చివాసన పోదు. పెరుగు చివరి అరగంటలో కలపండి, లేదంటే విరిగిపోతుంది.

మిగిలిన పులుసును కుక్కర్‌లోనే వదిలేయకండి. చిన్న గిన్నెల్లోకి తీసి రెండు గంటల్లోపు, మన ఎండలకైతే గంటలోపే, ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు స్టవ్ మీద తెర్లేదాకా కాచండి, స్లో కుక్కర్‌లో వేడి చేయొద్దు.