సర్వేలో "ఎన్ని రోజుల లెక్క?" అన్నది ముందే తేల్చుకోండి

ఫీల్డ్ సర్వేకి ప్రశ్నావళి రాస్తున్నారా? "నెలకి నూనె ఎంత వాడతారమ్మా?" అంటే వచ్చేది ఉజ్జాయింపు. "పోయిన వారం రోజుల్లో ఎంత అయింది?" అంటే ఆవిడ డబ్బా వైపు చూసి మరీ చెబుతుంది. గడువు, అంటే ఎన్ని రోజుల లెక్క అడుగుతున్నామన్నది, మారితే అంకె మారుతుంది. అలాగని రెండూ ఒకే ఇంట్లో అడక్కండి. మొదటి జవాబుకి సరిపోయేలా రెండోది చెప్పేస్తారు. ఇళ్ల ఖర్చుల మీద ప్రభుత్వం చేసే జాతీయ నమూనా సర్వే 55వ రౌండ్‌లో (1999-2000) తిండి ఖర్చుని 7 రోజులకీ, 30 రోజులకీ పక్కపక్కనే అడిగారు. ఆ ఖర్చుల లెక్కతోనే పేదరికాన్ని అంచనా వేస్తే బాగా తగ్గినట్టు తేలింది. నిజంగానే అంత తగ్గిందా, ప్రశ్న మారినందుకు తగ్గినట్టు కనిపించిందా అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. పాత సర్వేతో పోల్చే ఉద్దేశం ఉంటే దాని గడువే, వీలైతే దాని వాక్యమే వాడండి. బట్టలు, ఆస్పత్రి ఖర్చులకి మాత్రం ఏడాది లెక్కే నయం.