కాలికి కట్టుతో పిల్లాడు ఇంటికి రాకముందే మొగుడూపెళ్లాలు తేల్చుకోవాల్సినవి

మాది నెల్లూరు. మా ఆయనకి ఇది రెండో పెళ్లి, మొదటావిడ జబ్బు చేసి పోయారు. నేను ఈ ఇంటికి వచ్చేసరికి బాబుకి 11 ఏళ్లు, ఇప్పుడు 15 నిండాయి. మనసు బాగుంటే నన్ను పిన్నీ అంటాడు, లేకపోతే ఏమీ అనడు. పోయిన వేసవిలో స్కూటీ మీద నుంచి పడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ మూడు నెలల్లో నేనూ మా ఆయనా పడ్డ గొడవలు అంతకుముందు నాలుగేళ్లలో కలిపి కూడా పడలేదు. మళ్లీ సెలవులొస్తున్నాయి కాబట్టి, ఇలాంటి ఇళ్లున్నవాళ్లకి పనికొస్తాయని రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు బండి తాళం. గేరు లేని 50 సీసీ లోపు బండికే 16 ఏళ్లకి లైసెన్సు ఇస్తారు, మనిళ్లలో ఉండే స్కూటీలు దాదాపు అన్నీ 100 సీసీ దాటినవే, అంటే 18 నిండాల్సిందే. 2019లో చట్టం మార్చాక మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. మా ఇంట్లో బండి నా పేరు మీదుంది, తాళం ఇచ్చింది ఆయన. ఇక చూస్కోండి, ఆసుపత్రి వరండాలో వారం రోజులు అదే పంచాయితీ. ఎవరి తప్పన్న మాట కట్టు విప్పేదాకా ఎత్తకూడదని ముందే ఒప్పుకోండి. ఆ మాటలన్నీ మంచం మీద ఉన్నవాడికి వినిపిస్తూనే ఉంటాయి.

తర్వాత సంతకం. ఆపరేషన్ కాగితాల మీద నేను పెట్టబోతే నర్సమ్మ ఆపింది, నాకు కోపమొచ్చింది కానీ ఆవిడ తప్పు లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో తండ్రి, తల్లి అన్న మాటల్లోకి మారుతండ్రి, మారుతల్లి రారని స్పష్టంగా రాసుంది. నాలుగేళ్లుగా క్యారియరు కట్టేది నేనే అయినా ఆ కాగితం దగ్గర నేను పరాయిదాన్నే. కాబట్టి ఆయన ఫోను ఛార్జింగుతో, సైలెంట్‌లో లేకుండా ఉండాలి. ఆయన ఊళ్లో లేనప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ఆసుపత్రిలో ముందే చెప్పి ఉంచాలి. పిల్లాడి కన్నతల్లి విడాకులు తీసుకుని వేరే ఉంటే ఆవిడ నంబరు కూడా మీ దగ్గరుండాలి, మీకు ఇష్టం ఉన్నా లేకపోయినా.

అసలు గొడవ మూడో రాత్రి జరిగింది. రెండు గంటలప్పుడు వాడు కాలు పగిలిపోతోందని ఏడ్చాడు. పదింటికే బిళ్ల వేశాం కదా, తెల్లారాక చూద్దాం అన్నాను. దానికాయన "నీ కడుపున పుట్టినవాడైతే ఇలాగే అంటావా?" అన్నారు. అంతే, గంటసేపు ఆ మాట మీదే కొట్లాడుకున్నాం, కాలి సంగతి ఇద్దరమూ మర్చిపోయాం. చివరికి వెళ్తే కట్టు బిగుసుకుందని దాన్ని చీల్చి వదులు చేశారు, అదృష్టం బాగుంది. డాక్టరు నన్ను తిట్టారు, తిట్టాల్సిందే. ఆయన అన్న మాట తప్పే, ఆ రాత్రి కాలి విషయంలో మాత్రం నేనే తప్పు.

మోకాలి కింది ఎముక విరిగినప్పుడు లోపల వాపు పెరిగి రక్తం ఆడకపోతే కొద్ది గంటల్లోనే కండరం చచ్చిపోవచ్చు. బిళ్ల వేసినా నొప్పి పెరుగుతూ ఉండటం, కాలి వేళ్లు తెల్లగానో నీలంగానో మారటం, చల్లబడటం, తిమ్మిరెక్కటం, కదపలేకపోవటం, మనం వేలిని మెల్లగా పైకి వంచితే గిలగిల్లాడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రా పగలా చూడొద్దు, వెళ్లిపోవటమే. మేము ఇవి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. ఎవరు చూస్తే వాళ్లు ఆటో పిలుస్తారు, రెండోవాళ్లు ఎదురు చెప్పకూడదు. మొదటి రెండు మూడు రోజులు కాలు కింద దిండ్లు పెట్టి గుండెకన్నా ఎత్తులో ఉంచాలి, మంచం మీంచి వేలాడనివ్వకూడదు. తలకి కూడా దెబ్బ తగిలుంటే వాంతులు, మగత, తలనొప్పి పెరగటం కూడా గమనించండి.

స్నానం గురించి ఎవరూ మాట్లాడరు. మా ఆయన చాలా మామూలుగా "సిగ్గెందుకురా, అమ్మలాంటిదే కదా" అన్నారు. వాడి మొహం ఎర్రబడిపోయింది. 15 ఏళ్ల పిల్లాడు కన్నతల్లినే బాత్రూంలోకి రానివ్వడు, నన్ను రానిస్తాడా! అది నాన్న చేయాల్సిన పని, ఆయన లేనప్పుడు బాబాయి. ఆడపిల్లయితే, ఇంట్లో ఉన్నది మారుతండ్రయితే ఈ విషయం ఇంకా ముందే తేలాలి. నేను బయట కూర్చుని కట్టుకి ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేసేదాన్ని, తడి నేల తుడిచేదాన్ని. కింద కూర్చునే దొడ్డి అయితే కుర్చీ కమోడు అద్దెకు తెచ్చుకోండి.

అమ్మమ్మ, అంటే పోయినావిడ తల్లి, నాటువైద్యుల దగ్గర పుత్తూరు కట్టు కట్టిద్దామని పట్టుబట్టింది. పేరున్న కట్టే, మా వైపు నమ్మేవాళ్లు చాలామంది. కానీ రాడ్డు వేసి కుట్లున్న కాలికి పిండికట్టు తీసేసి నూనె మర్దన చేయిస్తామంటే ఎలా? నేను వద్దంటే కూతురి స్థానంలోకి వచ్చినదాని మాట కింద పోతుంది, అందుకే ఆ మాట ఆయన చేతే చెప్పించాను. మొదటావిడ తరఫు పెద్దవాళ్లతో కాదనే పని ఎప్పుడూ ఆయనదే, మీరు పూనుకోకండి.

మిగతావి చిన్నవి. దురద పుడితే స్కేలు, పుల్ల దూర్చనివ్వకండి, లోపల గీసుకుపోయి చీము పడుతుంది. చంకకర్రల బరువు చంకల మీద కాదు, చేతుల మీద పడాలి, కర్ర పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్ల సందుండాలి. ఫోన్ ఎంతసేపు చూడాలన్నది నేను వదిలేశాను, దాని మీద పోట్లాడే ఓపిక లేదు.

కట్టు విప్పాక కూడా అయిపోదు. ఈ వయసులో ఎముక చివర్లు ఇంకా పెరుగుతుంటాయి, దెబ్బ అక్కడిదాకా పాకితే కాలు పొట్టిగానో వంకరగానో రావచ్చు, అందుకే డాక్టరు చెప్పినన్నాళ్లు ఎక్స్‌రేకి తీసుకెళ్లాలి. బాగా నడుస్తున్నాడు కదా అని ఆయన ఒకసారి ఎగ్గొట్టబోయారు. ఇప్పుడు తేదీలన్నీ ఇద్దరి ఫోన్లలో ఉన్నాయి. వచ్చే నెల నేనే తీసుకెళ్తున్నా, ఆటోలోనే.