పుష్య మాసం చలికి కట్టెలు ఎండాకాలంలోనే ఎలా సిద్ధం చేసుకోవాలి?

సంక్రాంతికి ముందు రోజుల్లో మా వరంగల్ వైపు తెల్లవారుజామున వాకిట్లో అడుగుపెడితే పళ్లు టకటకమని కొట్టుకుంటాయి. ఇంకా పైకి ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పోతే చలి మరీ ఎక్కువ. అక్కడ రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోవడం మామూలే. ఊళ్లల్లో గ్యాస్ వచ్చింది, వంట చాలావరకు దాని మీదే అవుతోంది. కానీ స్నానాల నీళ్లు కాగడానికి, పొద్దున్నే నెగడు వేసుకోవడానికి, ముసలివాళ్లకు కాసేపు కుంపటి పెట్టడానికి ఇప్పటికీ కట్టెలే దిక్కు.

చాలా ఇళ్లల్లో జరిగే పొరపాటు ఒక్కటే. చలి మొదలయ్యాక కట్టెలు వెతుక్కుంటారు. మేమూ అదే చేశాం. కొన్నేళ్ల కింద దీపావళి వెళ్లాక అడితి నుంచి ఒక ట్రాలీ జామాయిల్ కట్టె తెప్పించాం. దుంగలు నున్నగా, చూడ్డానికి బాగున్నాయి. పొయ్యిలో పెడితే మంట అందుకోదు. ఒక చివర కాలుతుంటే రెండో చివర నుంచి తెల్లటి నురగ బుసబుసా పొంగి, సుయ్‌మని చప్పుడు చేస్తూ నేల మీద కారింది. ఇల్లంతా పొగ. అమ్మ ఊదుగొట్టంతో ఊదీ ఊదీ, కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి.

ఆ నురగంతా కట్టెలోని నీళ్లే. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లుంటాయి. మంట ముందు ఆ నీళ్లను ఆవిరి చేయాలి, ఆ తర్వాతే మనకు వేడి. బాగా ఎండిన కట్టెలో తేమ 20 శాతం లోపు ఉంటుంది. అందుకే పుష్యంలో కాల్చే కట్టె రోహిణి కార్తె ఎండలు తినాలి. రోళ్లు పగిలే ఎండలంటారు కదా, ఆ ఎండను మించిన ఆరబెట్టే మిషన్ మనకు లేదు.

ముందు ఎంత కావాలో లెక్క వేసుకోండి

మూడు రాళ్ల పొయ్యి మీద వేడిలో ఎక్కువ భాగం గాలికి పోతుంది. ఆ లెక్కన 20 లీటర్ల నీళ్లు స్నానానికి సరిపడా వేడెక్కాలంటే ఎండిన కట్టె కిలో నుంచి కిలోన్నర పడుతుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు రెండు బకెట్లు కాగినా రెండు మూడు కిలోలు. కార్తీకం మధ్య నుంచి సంక్రాంతి దాటేదాకా ఓ 75 రోజులు అనుకుంటే దగ్గరదగ్గర రెండు క్వింటాళ్లు. నెగడుకు, కుంపటికి ఇంకో క్వింటాల్ కలపండి. పొయ్యికి మూడు వైపులా మట్టి గోడ కట్టి, కాగు అడుగున మంట తగిలేలా సందు తక్కువగా ఉంచితే ఇందులో చాలా మిగులుతుంది.

ఎక్కడ ఏరుకోవాలి, ఏది కొట్టకూడదు

మోదుగ పూసిందంటే పని మొదలుపెట్టే టైం వచ్చినట్టే. ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఉగాది దాకా పొలం గట్ల మీద, బాయి దగ్గర ఎండిన కొమ్మలు, పడిపోయిన చెట్లు దొరుకుతాయి. మొదట వాటినే ఏరండి. పచ్చి చెట్టు జోలికి పోవాల్సి వస్తే, అది మన పొలంలోదే అయినా చాలా రకాల చెట్లను అనుమతి లేకుండా కొట్టడానికి లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసులో ముందే అడిగితే తర్వాత టెన్షన్ ఉండదు. చెరువు కట్ట మీది చెట్టైతే పంచాయతీని కూడా అడగాలి. పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ లాంటి అభయారణ్యాల్లోకి గొడ్డలి పట్టుకుని పోవద్దు. అక్కడ కేసవుతుంది. కేసు సంగతి పక్కన పెట్టినా, ఎండి పడిన మాను కూడా అడవిలో ఎన్నో ప్రాణులకు ఇల్లు.

ఇప్పచెట్టును మాత్రం కొట్టకండి. దాని పువ్వు, గింజ ఏజెన్సీ ఊళ్లల్లో ఎన్నో ఇళ్లకు ఆదాయం. ఒక్క చలికాలం మంట కోసం దాన్ని పడగొట్టడం నాకు మనసొప్పదు.

కాలడంలో అన్ని కట్టెలూ ఒకటి కావు. చింత, నల్ల తుమ్మ గట్టి కట్టెలు. నిదానంగా కాలతాయి, నిప్పులు చాలాసేపు నిలుస్తాయి, కుంపటికి వీటికి మించినవి లేవు. చెరువు శిఖాల్లో, అంటే చెరువు లోపలి భూముల్లో గుబురుగా పెరిగే సర్కారు తుమ్మ కూడా మంచి వేడినిస్తుంది, పైగా అది ఎంత కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. దాని ముల్లు గుచ్చుకుంటే చీము పడుతుంది కాబట్టి మందం చెప్పులు, చేతులకు గ్లవ్స్ లేనిదే ముట్టుకోవద్దు. మామిడి మధ్యరకం. వేప పొగ ఘాటు, నెగడుకైతే ఫర్వాలేదు. మునగ, బూరుగు, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి లాంటి మెత్తని కట్టెలు కాగితంలా భగ్గుమని అయిపోతాయి.

నల్ల జీడి మాత్రం కట్టెల్లో కలవకుండా చూడండి. దాని జీడి తగిలితే చర్మం పొక్కుతుంది, కాల్చితే పొగ తగిలి ముఖం వాస్తుంది. గన్నేరు విషం, పొగ కూడా మంచిది కాదు. రంగు వేసిన తలుపు ముక్కలు, ప్లైవుడ్, పాత సోఫా చెక్కలు పొయ్యిలో పెట్టకండి. వాటి జిగురు, రంగు కాలితే వచ్చే పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పత్తి కట్టె సంగతి విడిగా చెప్పాలి. మా జిల్లాలో పత్తి ఏరడం అయిపోగానే చేలల్లో గుట్టలు గుట్టలుగా కట్టె మిగులుతుంది. ఊరికే దొరుకుతోంది కదా అని ఇంటి వెనక పేర్చి చలికాలం దాకా ఉంచుతారు. అందులో మిగిలిపోయిన గుడ్డికాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని, వానలు పడ్డాక కొత్త పత్తి మీదికి వస్తుంది. కాబట్టి పత్తి కట్టెను కాల్చాలనుకుంటే వానాకాలం విత్తనాలు వేసేలోపే వాడేయండి. చలికాలానికి దాచవద్దు. అంటుపెట్టడానికి కంది కట్టె, మక్క బెండ్లు దాచుకోండి, చాలు.

పగలగొట్టడం, పేర్చడం

దుంగను దుంగగా ఉంచితే ఏడాదైనా లోపల పచ్చిగానే ఉంటుంది. బెరడు తేమను బయటికి పోనివ్వదు. అందుకని తెచ్చిన వారంలోపే మూరెడు పొడవు ముక్కలు కోసి, మణికట్టు మందం పేళ్లుగా పగలగొట్టాలి. చాలా చెట్లకు పచ్చిగా ఉన్నప్పుడే గొడ్డలి సులువుగా దిగుతుంది, ఎండితే రాయి. దుంగను నేల మీద కాకుండా వెడల్పాటి మొద్దు మీద నిలబెట్టి, పగులు కనిపించే చోట కొట్టండి. కాళ్లు ఎడంగా పెట్టండి, గొడ్డలి తప్పినా కాలి మీదికి రాదు. గొడ్డలి కామ వదులైతే ఆ రోజు పని ఆపేయండి.

పేర్చేటప్పుడు అడుగున రెండు వరసలు రాళ్లో ఇటుకలో వేసి, వాటి మీద కట్టె పెట్టండి. నేలకు ఆనితే చెద పడుతుంది. ఒక వరస నిలువు, ఒక వరస అడ్డం పెడితే మధ్యలో గాలి ఆడుతుంది. గాలి, ఎండ రెండూ తగిలే చోటు చూసుకోండి. పడుకునే గది గోడకు ఆనించి మాత్రం వద్దు. తేళ్లు, కట్లపాములు కట్టెల సందుల్లో చేరతాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, కాటేసినా నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు. ఇంటికి పది అడుగుల దూరమైనా ఉంచండి. కట్టె తీసేటప్పుడు సందులో చేయి పెట్టకుండా ముందు కర్రతో కదిలించండి, చీకట్లో అయితే టార్చ్ వేయండి.

ఇంకో మాట, హోళీకి ముందు పిల్లలు కాముని దహనానికి కట్టెలు ఏరుకుంటూ తిరుగుతారు. కష్టపడి పేర్చిన కుప్ప వాళ్ల కంటపడకుండా పెరట్లో ఉంటేనే మంచిది.

మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలు అలా వదిలేయండి. మృగశిర వచ్చేలోపు, అంటే జూన్ మొదటి వారంలోనే కప్పాలి. ఇక్కడ చాలామంది టార్పాలిన్‌ను నేల దాకా గట్టిగా చుట్టేస్తారు. అలా చేస్తే లోపల ఉక్కపోసి బూజు పడుతుంది. పైన మాత్రమే కప్పి, పక్కలు తెరిచి ఉంచండి. రేకుల షెడ్డు ఉంటే ఇంకా మంచిది. మా దగ్గర కోతులు పరదాలు పీకి పారేస్తాయి, అందుకే పైన రేకు వేసి రాళ్లు పెడతాం.

ఎండిందా లేదా

ఒక పేడుకు సుద్దతో గుర్తు పెట్టి మార్చిలో తూకం వేయండి. పదిహేను రోజులకోసారి మళ్లీ తూయండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే ఎండినట్టే. తూకం లేకపోతే రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టి వినండి. ఎండినవి ఠంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి. ఎండిన కట్టె చివర్లలో చక్రం ఆకుల్లా పగుళ్లు తేలతాయి, బెరడు చేత్తో లాగితే ఊడుతుంది.

పొగ లేకుండా అంటుపెట్టడం

కట్టెలు కుక్కితే మంట రాదు, గాలి పోవడానికి సందు కావాలి. కింద మక్క బెండ్లు, వాటి మీద చితుకులు, ఆపైన సన్న పేళ్లు, మంట నిలిచాక లావు కట్టె. పొయ్యిలో ఒకేసారి మూడు పేళ్ల కంటే ఎక్కువ పెట్టకండి. పొగ వస్తోందంటే కట్టె తడిగా ఉందని, లేదంటే గాలి చాలడం లేదని అర్థం. కిరోసిన్, పెట్రోల్ పోయకండి, మంట డబ్బా దాకా పాకి కాలినవాళ్లను చూశాం.

నెగడుకు ఇంకో పద్ధతి ఉంది. లావు కట్టెలు అడుగున, సన్నవి పైన పేర్చి, పై నుంచి అంటించండి. మంట మెల్లగా కిందికి దిగుతుంది. కింది కట్టె వదిలే పొగ పైనున్న మంటలోంచే పోవాలి కాబట్టి అక్కడే కాలిపోతుంది. ఒకసారి చేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. నెగడు వరిగడ్డి వాములకు, పత్తి కుప్పలకు దూరంగా ఉండాలి. పిల్లలకు నైలాన్ బట్టలు తొడిగి మంట దగ్గర కూర్చోబెట్టకండి.

కుంపటి: ఇక్కడ దయచేసి తొందరపడకండి

బాలింత గదిలో కుంపటి పెట్టడం మనకు అలవాటు. చలిగాలి తగలకూడదని తలుపులు, కిటికీలు బిగించి, సందుల్లో గుడ్డలు కూడా కుక్కుతారు. మా ఇంట్లోనూ అలాగే పెట్టారు. అర్ధరాత్రి మా అక్క తల పగిలిపోతోందని, వాంతి వస్తోందని లేచింది. లేవబోతే కాళ్లు తేలిపోయాయి. పక్కన పసిబిడ్డ మత్తుగా పడుకుని ఉంది. అమ్మ తలుపు బార్లా తెరిచి ఇద్దరినీ వరండాలోకి తెచ్చింది కాబట్టి సరిపోయింది. అప్పుడు గదిలో పొగ జాడ కూడా లేదు.

అసలు ప్రమాదం అదే. నిప్పులు పొగ లేకుండా ఎర్రగా ఉన్నప్పుడే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియనే తెలియదు.

కాబట్టి కుంపటిని వాకిట్లో అంటుపెట్టి, పొగంతా పోయాకే లోపలికి తీసుకురండి. గదిలో ఉన్నంతసేపు ఒక కిటికీ, దానికి ఎదురుగా తలుపు కనీసం జానెడు తెరిచి ఉండాలి. మెలకువగా ఉన్న మనిషి ఒకరు గదిలో ఉండాలి. పడుకునే ముందు కుంపటి బయటికి పోవాల్సిందే, బూడిద కప్పి మూల పెట్టడం సరిపోదు. బాలింతకు, బిడ్డకు రాత్రంతా వెచ్చదనం కావాలంటే రగ్గు, టోపీ, సాక్సులు, అమ్మ ఒళ్లు చాలు. ఎవరికైనా తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం అనిపిస్తే వెంటనే తలుపులు తెరిచి ఆరుబయటికి తీసుకుపోండి, 108కి ఫోన్ చేయండి.

చివరికి మిగిలే బూడిద

పైకి చల్లారినట్టు కనిపించినా అడుగున నిప్పు ఒకటి రెండు రోజులు బతికే ఉంటుంది. ఇనుప తట్టలోకి ఎత్తి, గడ్డికి, కట్టెల కుప్పకు దూరంగా ఉంచండి. పూర్తిగా చల్లారాక జల్లించి డబ్బాలో పోసుకోండి. చిక్కుడుకు పేనుబంక పట్టినప్పుడు పొద్దున్నే మంచు తడి మీద ఆ బూడిద చల్లితే ఆకుకు అంటుకుంటుంది. పాదుల్లో గుప్పెడు చాలు, ఎక్కువైతే నేల చౌడు తేలుతుంది.