దారిలో కారు ఆగితే: సమస్యలు, కారణాలు, ముందే చేసుకోవలసిన సవరణలు

డిక్కీలో స్టెప్నీ, జాకీ, పానా అన్నీ ఉండి కూడా దారిలో చిక్కుకుపోయేవారు చాలామందే ఉంటారు. కారు కొన్ననాటి నుంచి వాటిని ఒక్కసారైనా బయటికి తీసి చూడకపోవడమే అందుకు కారణం. ఈ కింది సమస్యల్లో చాలావాటికి దారిలో చేయవలసినదానితో పాటు, బయలుదేరక ముందే చూసుకోవలసినది కూడా చెప్పాను.

సమస్య: పంక్చరైంది, తీరా చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు

వాడినా వాడకపోయినా టైరులోని గాలి నెలనెలా కొంత తగ్గుతూనే ఉంటుంది. అందువల్ల మిగతా నాలుగింటికి గాలి చూసిన ప్రతిసారీ స్టెప్నీకి కూడా చూడాలి. సన్నటి తాత్కాలిక స్టెప్నీకి సాధారణంగా 60 పీఎస్‌ఐ గాలి కావాలి, దానిపై గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు. టైరు పక్కభాగంలో అచ్చువేసిన DOT కోడ్‌లోని చివరి నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి; 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం.

సమస్య: చక్రం నట్లు కదలడం లేదు

గాలి గన్నుతో మితిమీరి బిగించడమో, తుప్పు పట్టడమో దీనికి కారణం. జాకీతో ఎత్తాక ప్రయత్నిస్తే చక్రమే తిరుగుతుంది కనుక, టైరు నేలపై ఉండగానే, హ్యాండ్‌బ్రేక్ వేసి నట్లు వదులు చేయాలి. పానా కాడ మీ ఎడమవైపుకు, నేలకు సమాంతరంగా వచ్చేలా తగిలించి కిందికి నొక్కితే నట్టు వదులయ్యే వైపే తిరుగుతుంది. చేతి బలం చాలకపోతే కాలితో మెల్లగా ఒత్తిడి పెంచవచ్చు. కారుతో వచ్చే పొట్టి పానా చాలామందికి సరిపోదు, పొడవు కాడ ఉన్నది ఒకటి కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. నట్లకు తాళం రకం ఉంటే దాని ప్రత్యేకమైన కీ ఎక్కడుందో ఈరోజే వెతకండి, అది లేకుంటే ఏ పానా ఉన్నా ప్రయోజనం లేదు. ఇంటి దగ్గర తీరికగా ఒకసారి చక్రం విప్పి బిగించి చూస్తే ఈ లోపాలన్నీ అక్కడే బయటపడతాయి.

సమస్య: సెల్ఫ్ తీసుకోదు, టకటకమని చప్పుడు మాత్రమే వస్తుంది

బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు, లేదా టెర్మినళ్లు వదులై, తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని ఉండవచ్చు. ముందు నెగటివ్, తరువాత పాజిటివ్ విప్పి, వంటసోడా కలిపిన నీటితో రుద్ది, ఆరాక బిగించాలి. ఇంజను ఆపి కొన్ని గంటలైన బ్యాటరీలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగమే మిగిలినట్టు. మరో కారు బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే జంపర్ కేబుళ్లు వాడేటప్పుడు ఎర్రదాన్ని ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తరువాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించాలి. నల్లదాన్ని మంచి బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, రెండో కొసను ఆగిన కారు ఇంజనులోని రంగు వేయని లోహభాగానికి, బ్యాటరీకి దూరంగా పెట్టాలి.

సమస్య: ఉష్ణోగ్రత ముల్లు ఎరుపులోకి వెళ్లింది

ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, కారిపోవడం, ఫ్యాను తిరగకపోవడం ముఖ్యమైన కారణాలు. వెంటనే పక్కకు ఆపి ఇంజను ఆపేయండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీస్తే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది, కాబట్టి పూర్తిగా చల్లారేదాకా ఆగవలసిందే.

సమస్య: రాత్రివేళ ఆగిన కారు వెనక వచ్చేవారికి కనబడదు

నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, వెనకాల తగినంత దూరంలో హెచ్చరిక ట్రయాంగిల్ పెట్టి, అందరూ రోడ్డుకు దూరంగా నిలబడాలి. టార్చిలో సెల్లులు నెలల తరబడి ఉంచితే కారి పాడుచేస్తాయి. వాటిని విడిగా కట్టి, టార్చితో పాటు డిక్కీలో కాక డ్రైవరు చేతికందే చోట ఉంచండి.