గూడ జారిందా? ముందు వయసు చూడండి

గూడ జారిందనగానే చెయ్యి పట్టి లాగడానికి ఎవరో ఒకరు రెడీ అయిపోతారు. దయచేసి లాగనివ్వొద్దు. లోపల ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుకి పక్కకు జరుగుతుంది, నరమో రక్తనాళమో దెబ్బతింటుంది. ఎక్స్‌రే తీశాకే జారిన కీలుని తిరిగి ఎక్కించాలి. అప్పటిదాకా నొప్పి తక్కువగా ఉన్న పొజిషన్‌లోనే చేతిని చున్నీతో మెడకు వేలాడదీసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు, కాఫీ టిఫిన్లు పెట్టొద్దు. చెయ్యి చల్లబడి పాలిపోతుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

సమస్య: చెయ్యి పట్టి లేపగానే మూడేళ్ల పాప ఏడ్చింది, ఇక ఆ చెయ్యి కదపట్లేదు.
ఈ వయసులో జారేది సాధారణంగా గూడ కాదు, మోచేతి దగ్గరి ఎముక. డాక్టరు నిమిషంలో సరిచేస్తారు. అదే కిందపడ్డాక భుజం వాచిందంటే ఎముక విరిగిందేమో చూపించాలి, ఎందుకంటే పదేళ్లలోపు పిల్లలకి గూడ జారడం చాలా అరుదు.

సమస్య: కబడ్డీలో జారితే ఎక్కించారు, కొన్ని నెలలకే టీషర్ట్ విప్పుతుంటే మళ్లీ జారింది.
మొదటిసారే కీలు అంచున ఉండే మెత్తటి పట్టీ ఊడిపోయి ఉంటుంది. 20 ఏళ్లలోపు వాళ్లకి మళ్లీ జారే అవకాశం బాగా ఎక్కువ. నొప్పి తగ్గింది కదా అని ఫిజియోథెరపీ మానేసి గ్రౌండ్‌లోకి దిగొద్దు. జారిన ప్రతిసారీ ఎముక కూడా కొంత అరుగుతుంది, కాబట్టి రెండోసారి జారితే ఎంఆర్ఐ తీయించి ఆపరేషన్ గురించి అడగండి.

సమస్య: అమ్మకి అరవై దాటాయి, బాత్రూంలో పడితే గూడ జారింది. ఎక్కించి రెండు వారాలైనా చెయ్యి పైకి లేవట్లేదు.
"వయసు కదా, బిగుసుకుపోయింది" అని ఇంట్లో వదిలేసేది ఇక్కడే, నాకు బాధ కలిగించేదీ ఇదే. మీరు మెల్లగా ఎత్తితే చెయ్యి పైకి వస్తూ, వదలగానే పడిపోతోందంటే అది బిగుసుకుపోవడం కాదు. భుజాన్ని లేపే కండర తంతువు తెగి ఉండొచ్చు, పెద్దవాళ్లలో ఇది మామూలే. భుజం బయటివైపు చర్మం మొద్దుబారితే నరం నలిగినట్టు, అదీ డాక్టరుకి చెప్పండి. తంతువు తెగిందో లేదో అల్ట్రాసౌండ్‌లోనో ఎంఆర్ఐలోనో తెలుస్తుంది. ఆలస్యమైతే అది వెనక్కి ముడుచుకుపోయి కుట్టడం కష్టమవుతుంది. అలాగని చేతిని నెలంతా స్లింగ్‌లోనే ఉంచితే నిజంగానే బిగుసుకుపోతుంది. డాక్టరు సరేనన్నాక, సాధారణంగా వారం తర్వాత, బల్లకి ఆనుకుని ముందుకు వంగి చేతిని వదులుగా ఊపించండి.

సమస్య: ఫిట్స్ వచ్చాకో కరెంట్ షాక్ కొట్టాకో భుజం నొప్పి, ఎక్స్‌రే నార్మల్ అన్నారు.
మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పమనండి. తిరగకపోతే గూడ వెనక్కి జారి ఉండొచ్చు, అది ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో తేలిగ్గా దొరకదు. పక్క నుంచి ఇంకో ఎక్స్‌రే తీయమని అడగండి.